దూడకొక న్యాయము, బిడ్డకొక న్యాయమా?

మన సంఘసభ్యులలో పాడి యెఱుగనివారు లేరు. ఆవు గాని గేదె గాని యీనిన దినమున తెలిసిన రైతు చేయు మొదటి పని యేది? మాయ పడువఱకు ఆగక, దూడను తుడిచి, లేవనెత్తి, పొదుగు చెంతకు జేర్చి జున్నుపాలు త్రాగించును. ఇరుగుపొరుగులకు జున్ను పంచుట తరువాతి మాట. పుట్టిన గంట రెండుగంటలలోనే పాలు పట్టవలయుననియు, తొలిదినమున దూడ బరువులో పదియవ వంతు పాలు దాని కడుపున పడవలయుననియు పశువైద్యులు చెప్పుదురు. ఆ పాలు దక్కని దూడ తఱచు రోగముల పాలగునని మన తాతలకును తెలియును.

ఇక మన యింటి బిడ్డ సంగతి యేమి? నా యింట జరిగినది దాచక చెప్పెదను. నా పెద్దకుమార్తెకు తొలికాన్పయిన వారముననే మా నల్లావు ఈనినది. దూడకు నేనే దగ్గఱనుండి జున్నుపాలు పట్టించితిని. ఇంటిలోపల మాత్రము, "ఈ పసుపుపచ్చని పాలు చెడ్డవి, బిడ్డకు జీర్ణము కావు" అని పెద్దలు చెప్పగా, బాలెంతచేత ముర్రుపాలు గుడ్డలోనికి పిండించి పాఱవేయించిరి. మూడు దినములు బిడ్డకు పంచదార నీళ్ళును, ఆముదపు చుక్కయు పోసిరి. అది ఆడువారి వ్యవహారమని నేను మిన్నకుంటిని. ఐదవ దినమున బిడ్డకు విరేచనములు పట్టుకొనినవి. ఆసుపత్రిలో వైద్యురాలు సంగతులన్నియు విని, నా వంక చూచి, "మీ దూడకు జున్నుపాలు పట్టితిరా?" అని మాత్రమే అడిగినది. బిడ్డ దక్కినది, కాని ఆ ప్రశ్నకు నాయొద్ద నేటికిని జవాబు లేదు.

ముర్రుపాలు

కాన్పయిన తొలి రెండుమూడు దినములలో వచ్చు చిక్కని పాలే ముర్రుపాలు. ఇవి కొలదిగానే వచ్చును. తొలిదినమున కొన్ని చెంచాలకు మించవు. శిశువు పొట్టయు అంతే చిన్నది గనుక ఆ కొలదియే చాలును. ఈ పాలలో రోగములతో పోరాడు పదార్థములును, ఏ విటమినును మెండుగా నుండును. అవి లేత ప్రేగులకు కంచెవలె నిలిచి రోగక్రిములను అడ్డగించును. కావున బిడ్డ పుట్టిన గంటలోపల తల్లి రొమ్ము నందీయవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు నూటికి 42 మందియే.

ఆఱు నెలలు

పిమ్మట ఆఱునెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప వేఱొకటి వలదు, మంచినీరును వలదు. మండువేసవిలో బిడ్డ గొంతు ఎండదా యని పెద్దలు శంకింతురు. తల్లిపాలలో నూటికి సుమారు 87 పాళ్ళు నీరే. దాహమునకు ఆ నీరు చాలును. బయటినుండి పోసిన నీరు చిన్నపొట్టను నింపి పాలకు చోటు లేకుండ జేయును. ఒక్కొక్కప్పుడు రోగమును వెంటబెట్టుకొని వచ్చును. తేనె నాకించుటయు ఏడాది నిండువఱకు ప్రమాదకరమే.

"నాకు పాలు చాలవు" అని పలువురు తల్లులు దిగులుపడుదురు. చెలమలో నీరు తోడినకొలది ఊరునట్లే, బిడ్డ త్రాగినకొలది పాలు ఊరును. రాత్రివేళ త్రాగించుట మఱింత మేలు చేయును. డబ్బాపాలు మొదలిడినచో బిడ్డ రొమ్ము పట్టుట తగ్గి, పాలును తగ్గును. పాలపొడికిని పాలసీసాలకును ప్రకటనలు చేయుటను 1992 నాటి చట్టము నిషేధించినది. తప్పనిసరియై తల్లి దూరముగా నుండవలసివచ్చిన యెడల, ఆమె పాలనే శుభ్రమైన గిన్నెలోనికి పిండి, చల్లని చోట మూతపెట్టి యుంచి, వెంటనే ఉగ్గుగిన్నెతో పోయవలయును. సీసా మూలలలో మురికి నిలుచును. ఉగ్గుగిన్నెను కడిగి మరగబెట్టుట సులభము.

బాలెంతకు పథ్యమను పేర పప్పు, ఆకుకూరలు, పెరుగు మాన్పించి కారపుపొడి మెతుకులు పెట్టుట కొన్ని యిండ్లలో నేటికిని కలదు. పాలిచ్చు గేదెకు తవుడును తెలగపిండియు పెంచనివాడు కలడా? పాలిచ్చు తల్లికిని తొలి ఆఱునెలలు దినమునకు సుమారు 600 కెలోరీల ఆహారము అదనముగా వలయునని భారత వైద్య పరిశోధనా మండలి నిర్ణయించినది.

ఏడవ నెలనుండి

ఆఱునెలలు దాటిన పిమ్మట తల్లిపాలు మాత్రమే చాలవు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిలువ అప్పటికి తఱిగిపోవును. రెండేండ్లును అంతకు మించియు పాలిచ్చుచునే, ఆహారము మొదలిడవలయును. మన వాడుకలోని దోషము, పప్పుమీది తేటయు చారునీళ్ళును పోసి బిడ్డ తినినదని సంతసించుట. మెత్తగా మెదిపిన అన్నము, పప్పు, ఆకుకూర, కొంచెము నేయి కలిపి, చెంచానుండి జాఱిపోనంత చిక్కగా పెట్టవలయును. తినువారికి గ్రుడ్డు మిక్కిలి మేలు. తొలుత దినమునకు రెండుమూడు సారులు, తొమ్మిదవ నెలనుండి మూడునాలుగు సారులు పెట్టవలయును.

రాగులను రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరిన పిండి మిక్కిలి శ్రేష్ఠము. మొలకెత్తుటవలన గంజిని పలుచన చేయు గుణము పుట్టును గనుక, తక్కువ నీటితో ఎక్కువ పిండిని బిడ్డ మ్రింగగలదు. విరేచనములు కలిగినప్పుడు తిండిని గాని పాలను గాని మాన్పరాదు. ఉప్పు–చక్కెర ద్రావణపు పొట్లమును కలిపి పట్టి, వైద్యుని సలహాతో జింకు మాత్రలు ఇయ్యవలయును.

సంఘము చేయదగిన పని

పై సర్వే లెక్కలలో అయిదేండ్లలోపు బిడ్డలందు వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశమున నూటికి 31, తెలంగాణమున 33 మంది. పొట్టిదనమునకు పునాది తఱచు తొలి రెండేండ్లలోనే పడును. ఆ యదను దాటిన పిమ్మట దిద్దుట కష్టము. అదను తప్పిన పైరు సంగతి మనకు వేఱుగ చెప్పనేల?

కావున సభ్యులకు మూడు మనవులు. మొదటిది: నాట్లకును కలుపునకును వచ్చు కూలి స్త్రీలలో చంటిబిడ్డల తల్లులకు ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి కూలి కోయక విరామ మిచ్చి, గట్టుమీద నీడలో ఉయ్యెల కట్టనిండు. రెండవది: కోతలు కాగానే పెసలు, కందులు, వేఱుసెనగలు గింజ మిగులకుండ అమ్మివేయక, బిడ్డలకును బాలెంతకును ఏడాదికి సరిపడునంత ఇంట నిలువ యుంచుడు. మూడవది: నెలకొకసారి బిడ్డను అంగన్‌వాడీకి గొనిపోయి తూకము వేయించుడు. పుట్టిన బరువు ఐదవ నెలకు ఇంచుమించు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావలయును. ఆఱునెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో ఆలసింపక వైద్యునికి చూపవలయును.

మన గిడ్డంగిలో కాటామీద ధాన్యపు బస్తా అరకిలో తగ్గినను మనము ఊరకుండము. బిడ్డ తూకము తగ్గుచున్నను ఎఱుగక యుండుట రైతుకు తగునా? దూడకు చేయు న్యాయమును మన బిడ్డకును చేయుదము.