ధాన్యపు గదిలో హోమ్ థియేటర్

షూనేములో ఒక ఇల్లాలు దైవజనుడైన ఎలీషా కోసం మేడమీద చిన్న గది కట్టించిన సంగతి రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో చదువుకుంటాం. ఆమె అందులో పెట్టించినవి నాలుగే వస్తువులు: మంచం, బల్ల, పీట, దీపస్తంభం. వచ్చే మనిషి ఎవరో, అతనికి ఏమి కావాలో ఆమెకు ముందే తెలుసు. అందుకే ఆ పట్టిక అంత పొట్టిగా ఉంది. మా పెద్దబ్బాయి బెంగుళూరు నుండి పంపిన పట్టిక మాత్రం రెండు పేజీలు!

ఊళ్లో మా డాబా మీద ఒక గది వేసి హోమ్ థియేటర్ పెట్టించాలని వాడి కోరిక. ప్రొజెక్టరు, వంద అంగుళాల తెర, ఆరు స్పీకర్లు, వెనక్కి వాలే కుర్చీలు నాలుగు. డబ్బు వాడిదే. నాకు మొదట పట్టుకున్న భయం, సంఘపెద్ద ఇంట్లో సినిమా హాలు కట్టాడట అని ఊరు అనుకుంటుందేమోనని. నిజం ఒప్పుకోవాలంటే ఆ భయంలో భక్తికంటే పరువే ఎక్కువ. పాస్టరుగారిని అడిగితే, "ఇప్పుడు మీ ఇంట్లో నలుగురు నాలుగు మూలల్లో నాలుగు ఫోన్లు చూసుకుంటున్నారు కదా పెద్దగారూ, అందరూ ఒకచోట కూర్చుని ఒకటే చూస్తే అంతకన్నా చెడేముంది?" అన్నారు.

అసలు ప్రశ్న మా ఇంటావిడ అడిగింది. "కుర్చీలు నాలుగంటున్నాడు. అత్తయ్యగారు మెట్లెలా ఎక్కుతారండీ?"

మా అమ్మకు 84 ఏళ్లు. మోకాళ్లు సహకరించవు, చెవులు సగమే పనిచేస్తాయి. ఆ ఒక్క ప్రశ్నతో గది మేడ మీదినుండి కిందికి దిగింది. మా ఇంట్లో ధాన్యపు గది ఖాళీగానే ఉంది. ఇప్పుడు పంట కల్లంలోనే అమ్మేస్తున్నాం గనుక అందులో విరిగిన మంచాలు, పాత గోనెలు తప్ప ఏమీ లేవు. పొడవు 15 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఒకే కిటికీ. ఇలాంటి గదికి ఇది మంచి కొలత. పొడవు వెడల్పులు సమానంగా ఉన్న చదరపు గదిలో కొన్ని గుమ్ము శబ్దాలు ఒకేచోట పోగుపడి, ఒక మూల చెవులదిరిపోతాయి, మరో మూల అసలు వినపడవు. ఇల్లు కట్టుకోబోయేవారు ఈ ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు.

పని మొదలుపెట్టింది కరెంటుతోనే. ఎర్తింగు సరిగా ఉందో లేదో ముందు చూపించాం. ఈ గదికి వేరే లైను, షాకు కొడితే వెంటనే కరెంటు ఆపేసే బ్రేకరు వేయించాం. టీవీకి బొమ్మ తెచ్చే హెచ్.డి.ఎం.ఐ. కేబుల్‌కు కొస వెడల్పుగా ఉంటుంది, మామూలు వైరింగు పైపులో దూరదు. అందుకని ప్లాస్టరింగుకు ముందే ఒకటిన్నర అంగుళాల పైపు, మలుపులు గుండ్రంగా ఉండేలా గోడలో పెట్టించాం. కరెంటు పైపుకు ఒక అడుగు ఎడంగా పెట్టించాలి. పిడుగుల కాలంలో ప్లగ్గు తీస్తే సరిపోదు, డిష్ నుండి వచ్చే వైరు కూడా ఊడదీయాలి.

ప్రొజెక్టరు వద్దనుకున్నాం. దానికి చీకటి కావాలి. తెల్లటి గోడలు, తెల్లటి సీలింగు వెలుతురును తిప్పికొట్టి బొమ్మను వెలవెలబోయేలా చేస్తాయి. ఆ గోడలకు నల్లరంగు వేస్తే, పగటిపూట అమ్మ కూర్చునే గది కాస్తా గుహ అవుతుంది. దానికి తోడు కళ్లాల రోజుల్లో మా వీధిలో లేచే దుమ్ముకు ప్రొజెక్టరు జల్లెడ తుడవడమే ఒక పని. 65 అంగుళాల టీవీ తెచ్చాం. తెర మూల నుండి మూలకు ఎంత ఉందో దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో కూర్చోవడం కళ్లకు హాయి. మాకు అది 8 అడుగులు. వంద అంగుళాల తెరైతే పన్నెండున్నర అడుగులు కావలసి వచ్చేది. టీవీని మొదట హోటల్లో మాదిరి నెత్తిమీద బిగించారు. రెండు రోజులకే అందరికీ మెడలు పట్టేశాయి. తెర మధ్యభాగం కూర్చున్నవారి కంటికి సూటిగా ఉండాలి. మేకులు పీకి మూడడుగుల ఎత్తుకు దింపించాం, చాపమీద కూర్చునే పిల్లలకూ కుర్చీలో కూర్చునే అమ్మకూ మధ్యస్తంగా.

ఇక శబ్దం. మొదటి సాయంత్రం అందరం కూర్చున్నాం. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మోత కూడా బ్రహ్మాండంగానే ఉంది. అమ్మ కాసేపు చూసి, "బాబూ, కుండలో తలపెట్టి మాట్లాడినట్టుందిరా, ఒక్క ముక్కా తెలీట్లా" అంది. మనవడు సౌండు పెంచాడు. "ఇంకా అధ్వాన్నం" అంది. ఆమెకు చెవుల డాక్టరు ఇచ్చిన మిషను ఉంది. కానీ ఆ మిషను మాటతోపాటు మాట ప్రతిధ్వనినీ పెంచుతుందని మేము ఆలోచించలేదు.

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి చూడండి. చప్పట ఆగాక కూడా గిర్రుమని మోగితే ఆ గదిలో మాట తెలియదు. సిమెంటు గోడ, టైల్సు నేల, స్లాబు, ఈ మూడూ శబ్దాన్ని దాదాపు అంతా వెనక్కి కొడతాయి. మన మాటలో అచ్చులు బలమైనవి, సాగుతాయి. హల్లులు బలహీనమైనవి, చప్పున అయిపోతాయి. ముందు అక్షరపు అచ్చు గదిలో ఇంకా మోగుతుండగానే తర్వాతి హల్లు వచ్చి దానికింద మునిగిపోతుంది. పాలు అన్నా కాలు అన్నా "ఆలు" అనే వినిపిస్తుంది. వయసు పైబడినవారికి ముందుగా తగ్గేది ఆ సన్నని శబ్దాల వినికిడే. సౌండు పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి, ప్రయోజనం లేదు.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని ఒకరు, థర్మోకోల్ అంటించమని మరొకరు చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి. అట్టలు కాస్త కీచుశబ్దాన్ని తగ్గిస్తాయేమోగానీ మాటకు చేసేది స్వల్పం. థర్మోకోల్ శబ్దాన్ని పీల్చదు. నిప్పురవ్వ పడితే మాత్రం రెండూ భగ్గుమంటాయి. శబ్దాన్ని పీల్చేది గాలి ఆడే మెత్తని మందపు వస్తువు. మా ఇంటావిడ పెట్టె తెరిచి పాత చీరల బొంతలు తీసింది. టీవీకి ఎదురు గోడకు, గోడకీ బొంతకీ బెత్తెడు సందు వదిలి, రెండు పొరలుగా వేలాడదీశాం. ఆ సందు వల్ల బొంత ఇంకా బాగా పనిచేస్తుంది. కిటికీకి దాని వెడల్పుకు రెట్టింపు గుడ్డతో కుచ్చులు పెట్టిన పరదా. నేలమీద జంపఖానా. పక్కగోడలకు రెండంగుళాల లోతు చెక్క చట్రాలు చేయించి రాక్ వూల్ నింపి నూలుగుడ్డ కప్పాం. రాక్ వూల్ పట్టుకునేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, ఒళ్లంతా దురద.

ఆ చట్రాలు ఎక్కడ పెట్టాలన్నదానికి మా అబ్బాయి ఒక చిట్కా చెప్పాడు. ఒకరు అమ్మ కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకరు పక్కగోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే, స్పీకరు శబ్దం సరిగ్గా అక్కడే గోడకు తగిలి చెవికి వస్తున్నదన్నమాట. పిల్లలకు ఆ సాయంత్రం అంతా అదే ఆట.

ఆరు స్పీకర్లలో చివరికి నాలుగే కొన్నాం. వెనకవైపు రెండూ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. సినిమాలో మాటలు చాలావరకు వచ్చేది తెరకింద ఉండే మధ్య స్పీకరు నుండి. డబ్బు తక్కువైతే దానిమీదే పెట్టండి. ఎడమ కుడి స్పీకర్లు, కూర్చునే కుర్చీ కలిసి మూడు భుజాలూ సమానమైన త్రికోణం అయ్యేలా అమర్చితే చాలు. గుమ్ము పెట్టెను మూల నుండి బయటికి జరిపాం, మూలలో ఉంటే మోత ఇంకా పెరుగుతుంది. పక్కింట్లో చంటిబిడ్డ ఉంది. బొంతలు గదిలోపలి మోతను తగ్గిస్తాయే తప్ప బయటికి పోయేదాన్ని ఆపలేవు. దానికి బరువైన తలుపు, తలుపుచుట్టూ రబ్బరు, కింద సందు మూత కావాలి. సందులన్నీ మూశాక పదిమంది కూర్చుంటే ఊపిరాడలేదు. పైన ఒక ఫ్యాను పెట్టించాల్సి వచ్చింది.

వాలే కుర్చీలు కొనలేదు. అమ్మకు చేతులున్న కుర్చీ, మాకు పాత నవారు మంచం, పిల్లలకు చాపలు. వెనకగోడ పక్కన పుస్తకాల బీరువా.

గది సిద్ధమయ్యాక అమ్మ అడిగింది 1978లో వచ్చిన ‘కరుణామయుడు’. అది మా పేటకు వచ్చినప్పుడు రెండు వెదురుబొంగుల మధ్య దుప్పటి కట్టి, జనరేటరు పెట్టి వేశారు. ముందు చోటు దొరక్క అమ్మ తెర వెనకాల కూర్చుని చూసిందట. అక్కడినుండి చూస్తే బొమ్మ ఎడమకుడిగా తిరగబడి ఉంటుంది, పైగా పక్కనే జనరేటరు మోత. ఈసారి మొదటినుండి చివరిదాకా కదలలేదు. అయ్యాక, "అప్పుడు ఎడమచేత్తో దీవించినట్టు కనపడిందిరా. మాటలైతే ఇవాళే విన్నా" అంది.

శనివారం రాత్రి తొమ్మిదికి స్విచ్చి ఆపాలని నియమం పెట్టుకున్నాం. ఆదివారం సంగతి పెట్టుకోలేదు. 2023 నవంబరు 19 ఆదివారం, ప్రపంచ కప్పు ఫైనలు. ఆ సాయంకాలపు కూడికకు మా ఇంటినుండి వెళ్లింది ముగ్గురమే. ఇండియా ఓడిపోయినందుకు ఇంట్లో వాళ్లు, ఇంట్లోవాళ్లు రానందుకు నేను, అందరం దిగాలుగానే భోంచేశాం. ఈ గది తెచ్చిన మేలు చెప్పి ఈ సంగతి దాచడం న్యాయం కాదు.

కుటుంబ ప్రార్థన కూడా ఆ గదిలోకే మారింది. మేము అనుకుని మార్చింది కాదు. టీవీ ఆపి మనవరాలు మామూలు గొంతుతో అధ్యాయం చదువుతుంటే అమ్మ "ఇక్కడ తెలుస్తోందే" అంది. ఆ తర్వాత అమ్మ అన్నమాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. "కొత్త మందిరం కట్టినప్పటినుండి నాకు వాక్యం వినపడ్డంలేదురా. చెబితే, ముసలిదానివి నీ చెవులే అన్నారు మీరంతా."

అన్నవాళ్లలో నేను మొదటివాణ్ణి. పెంకుల మందిరంలో మైకు లేకుండానే అందరికీ వినపడేది. స్లాబు వేసి, నున్నటి టైల్సు పరిచి, పెద్ద స్పీకర్లు పెట్టింది మేమే. సోమవారం పొద్దున పాస్టరుగారూ నేనూ ఖాళీ మందిరంలో నిలబడి ఒక్క చప్పట కొట్టాం. ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాకా మోగుతూనే ఉంది. స్త్రీల సమాజంవారు ఇంటింటికీ తిరిగి పాత చీరలు అడుగుతున్నారు.