అద్దంకివారు: ఊరిపేరు ఇంటిపేరైన తెఱగు

అద్దంకి యనునది యొక యూరిపేరు. అదియే యనేక కుటుంబములకు ఇంటిపేరునై యున్నది. ఆ యింటిపేరు గలవారి పూర్వులెవ్వరో తెలిసికొనవలెనన్న గుండ్లకమ్మ ప్రాంతమునందలి యా యూరికి పోయి విచారించిన చాలునని పలువురు తలంతురు. ఇటీవల విదేశములయందు స్థిరపడిన తెలుగువారి పిల్లలును ఇట్టి యాశతోనే తాతముత్తాతల గ్రామములను వెదకుచున్నారు. కాని మొదటి చిక్కు ఊరిలో నడుగుపెట్టగానే యెదురగును. అద్దంకిలో కాపురముండు వారినందఱను అద్దంకివారనియే చెప్పవలసియుండగా, ఆ పేరుచే నొక యింటిని వేఱొక యింటినుండి గుర్తించుట యెట్లు? ఊరిపేరు ఇంటిపేరగుట సామాన్యముగా ఊరు విడిచిన పిమ్మట జరుగును. క్రొత్త యూరివారు ఎక్కడివారని యడిగి, వచ్చిన జవాబునే వారి గుమ్మమునకు తగిలించిరి. కావున అద్దంకివారి జాడ తఱుచుగా అద్దంకికి వెలుపలనే ప్రారంభమగుచున్నది.

దీనికి అందఱెఱిగిన దృష్టాంతము కందుకూరివారిది. వీరేశలింగము పంతులుగారు 1848లో జన్మించినది రాజమహేంద్రవరమున. వారి పూర్వులు అద్దంకికి దక్షిణముగా నున్న కందుకూరునుండి గోదావరీతీరమునకు తరలిపోయినవారు. కందుకూరు చాల ప్రాచీనమైన యూరు. అద్దంకిలో దొరకిన పండరంగని పద్యశాసనమునందే దాని పేరున్నది. గుణగ విజయాదిత్యుని (848–892) కాలమునాటి యా శాసనము తరువోజయందు రచితమై, తెలుగు పద్యమునకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యముగా నెన్నబడుచున్నది. ఊరిపేరు తొమ్మిదవ శతాబ్దినాటిదైనంతమాత్రమున ఇంటిపేరును అంతటి ప్రాచీనమని తలంపరాదు. హైదరాబాదునకు చేరువను మఱియొక కందుకూరు కలదు. ఏ కందుకూరో నిర్ణయింపకయే ప్రయాణమునకు బయలుదేరుటయు తగదు.

ఇంటిపేరు చూచి యూరిని పోల్చుకొనుటకు వ్యాకరణము కొంత తోడ్పడును. కందుకూరు కందుకూరి యైనది. పర్చూరు పర్చూరి, మార్టూరు మార్టూరి. పాడు చివరగాగల యూరు పాటి యగును. ఇవి ఔపవిభక్తికములు. ముకారము పుకారమగుటయు కలదు: అద్దంకి సమీపమునందలి ముప్పవరమునుండి ముప్పవరపువారు, కొప్పరమునుండి కొప్పరపువారు. అద్దంకి యిట్టి మార్పేమియు పొందలేదు. అయితే ప్రతి యింటిపేరునందును ఊరిని వెదకుట వ్యర్థము. అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయ వేమారెడ్డి యాస్థానకవి ఎఱ్ఱాప్రెగ్గడ పేరులో ఊరేలేదు. ప్రెగ్గడ యనగా మంత్రి. తిక్కన పితామహుడు మంత్రి భాస్కరుడు గుంటూరిని పాలించినవాడు. ఆ వంశమువారు మాత్రము కొట్టరువువారైరి.

ఊరు విడిచినవారికే యూరిపేరు వచ్చునన్న మాటకు అపవాదము లేకపోలేదు. అవధానములచే ప్రసిద్ధులైన కొప్పరపు సోదరకవులు కొప్పరముననే జన్మించిరి. గ్రామాధికారము గల యింటివారిని పొరుగూళ్లవారు ఆ గ్రామము పేరనే పిలుచుటయు కలదు. నియోగులగు కరణముల యిండ్లలో దీనికి మూలముగా నొక కథ చెప్పుదురు. గణపతి మహారాజు మంత్రి గోపరాజు రామన్న శక 1067 రక్తాక్షి సంవత్సర భాద్రపద బహుళ అమావాస్యనాడు, సూర్యగ్రహణకాలమున, నియోగులకు గ్రామ మిరాశులు నిర్ణయించెనట. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) సేకరింపించిన గుంటూరు మండలపు కైఫీయతులలో పెక్కింట ఈ విషయము ఇంచుమించుగా నొకే మాటలతో కానవచ్చుచున్నది. తమ కరణీకము ఎనిమిది తొమ్మిదివందల యేండ్లనాటిదని చెప్పుకొనువారికి ఇదియే యాధారము. శక 1067 అనగా క్రీ. శ. 1144–45 ప్రాంతము. కాకతి గణపతిదేవుడు సింహాసనమెక్కినది 1199లో. నడుమ ఏబదియేండ్లకు పైబడిన వ్యత్యాసమున్నది! అదియుగాక కైఫీయతులు ఆ గణపతిని గజపతి సింహాసనముపై కూర్చుండబెట్టినవి. ఒకే వాక్యము ఊరూరను కనబడుట దానికి బలమని కొందఱందురు. ఒక ప్రతినుండి పెక్కు ప్రతులు పుట్టెననుటకు అది గుర్తని నాకు తోచుచున్నది. రామన్న కథ సర్వమును కల్పితమని యనజాలను. కాని హక్కు నిలుపుకొనుటకు చెప్పిన మాటను వంశచరిత్రకు పునాదిగా వేసికొనువారు రాతికి మాఱుగా ఇసుకను వాడినట్లగును.

ఇంతకంటె తఱుచైన పొరపాటు పేరు కలిసిన బంధుత్వము కలిసెననుకొనుట. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాకు (1550–1580) తపతీసంవరణోపాఖ్యానమును అంకితమొనర్చిన కవి అద్దంకి గంగాధరుడు. అద్దంకివారందఱును అతనిని తమ వంశవృక్షమున నెక్కింపగోరుట వింతకాదు. అయినను అద్దంకినుండి బ్రాహ్మణుడు వెడలవచ్చును, వర్తకుడు వెడలవచ్చును, నేతపనివాడు వెడలవచ్చును. పోయినచోట ముగ్గురును అద్దంకివారే. అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చినప్పుడు ఆస్థానమును నమ్ముకొన్నవారెందఱు తరలిపోయిరో యూహింపవచ్చును. కులము కలిసినను గోత్రము కలియవలెను. అదియు కలిసిన పిమ్మట తరములవారి పేరులు వరుసగా దొరకవలెను.

ఆ పేరులెచ్చట దొరకును? శ్రాద్ధతర్పణములు చేయు కుటుంబములకు ఇంటిలోనే కొంత లభించును. తండ్రి, తాత, ముత్తాతలతోపాటు మాతామహుని వైపు మూడు తరములును అందు స్మరింపబడుదురు. అచ్చట గోత్రనామములే గాని యింటిపేరు పలుకరు. తాతపేరు మనుమనికి పెట్టు నాచారముచే ఒకే పేరు తరము విడిచి తరమున తిరిగి వచ్చును. ఎఱ్ఱన పితామహుడు ఎఱ్ఱపోతసూరి, తండ్రి సూరన. ఇట్టి వరుసలో ఇద్దఱిని ఒక్కరిగా లెక్కించుట సులభము. రెడ్ల కుటుంబములకు పిచ్చుకుంట్లవారు గోత్రములను ఇంటిపేరులను పాడుచు వచ్చిరి. గయయందలి పండాల పుస్తకములును చూడదగినవి. 1858లో నేర్పడిన ఇనాం కమిషను రిజిష్టరులలో దాత, మొదటి గ్రహీత, అప్పటి యనుభోక్త మొదలగువారి పేరులు దొరకును. వీనిని వెదకువారు జిల్లాల మార్పును మఱవరాదు. అద్దంకి 1904 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. పిమ్మట గుంటూరు, 1970లో ఒంగోలు, 2022లో బాపట్ల జిల్లాలలో చేరినది. అందుచేతనే ఆ ప్రాంతపు శాసనములు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టిగారలు 1905లో ప్రకటించిన నెల్లూరు శాసనసంపుటములలో నున్నవి.

ఇంగ్లండునందు 1538లో రాజాజ్ఞచే ప్రతి పల్లె చర్చియందును జ్ఞానస్నాన వివాహ ఖననముల పుస్తకము లేర్పడినవి. అవి నిలిచియున్నచోట ఒక కూలివాని పూర్వులనైనను వెదకుటకు వీలు కలదు. మన లెక్కలు ముఖ్యముగా భూమి గలవాని లెక్కలు. ఆ భూమిని దున్నినవాని పేరు తఱుచుగా వానిలో కానరాదు. భూమి గలవాని యింటిలోనైనను కోడలి పుట్టినింటిపేరు పెండ్లితో మఱుగుపడును. వంశవృక్షమని మనము వ్రాసికొనునది సగము చెట్టే.

1984లో ఆంధ్రప్రదేశమున కరణీకములు రద్దయినవి. పాత యిండ్ల అటకలమీద కవిలెలు, వంశావళులు, దానపత్రముల నకళ్లు నేటికిని చెదలకు మిగిలినవి కొన్ని యుండవచ్చును. అట్టివి గలవారు మూలమును తమయొద్దనే యుంచుకొని ప్రతిని వ్రాయించియో ఛాయాచిత్రము తీయించియో పరిషత్తునకు పంపగోరుచున్నాను. అందు స్త్రీల పేరులు పుట్టినింటిపేరులతో నున్నయెడల ఆ పుటలను ముందుగా పంపవలయును.