మూడు పెడల్సా, రెండా?

ముఖచిత్రానికి 1932 ఫోర్డ్ కారు ఖాయమైంది. అమెరికా హాట్‌రాడ్ అభిమానులు దాన్ని ముద్దుగా ‘డ్యూస్’ అంటారు. అందులో షెవర్లే 350 ఇంజిన్ బిగించాక గేర్‌బాక్స్ ఆటోమేటిక్ ఉండాలా, మాన్యువల్ ఉండాలా? శుక్రవారానికల్లా తేల్చమన్నారు ఎడిటర్. ఎవరినడిగినా వాళ్ల అభిమానమే చెబుతారు కాబట్టి, గేర్ల నిష్పత్తుల పట్టిక ముందేసుకున్నాను. అసలు కథ అందులోనే దొరికింది.

పట్టిక చెప్పిన మాట

జీఎం టర్బో 350 ఆటోమేటిక్‌కు మూడు గేర్లు: 2.52, 1.52, 1.00. జీఎం వారిదే 700ఆర్4 ఆటోమేటిక్‌కు నాలుగు: 3.06, 1.63, 1.00, 0.70. 1990ల తొలినాళ్ల మస్టాంగ్‌లోని టీ-5 మాన్యువల్‌కు ఐదు: 3.35, 1.99, 1.33, 1.00, 0.68.

వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73, టైరు వ్యాసం 28 అంగుళాలు, వేగం గంటకు 65 మైళ్లు అనుకుందాం. మైళ్ల వేగాన్ని యాక్సిల్, గేరు నిష్పత్తులతోనూ 336తోనూ గుణించి, టైరు అంగుళాలతో భాగిస్తే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. టాప్ గేరులో టర్బో 350తో సుమారు 2,900. 700ఆర్4తో 2,040. టీ-5తో 1,980.

చివరి రెండింటికీ తేడా అరవై చుట్లే. ఒకటి ఆటోమేటిక్, ఇంకొకటి మాన్యువల్. హైవే మీద చెవులు హోరెత్తడానికి కారణం క్లచ్ పెడల్ లేకపోవడం కాదు, ఓవర్‌డ్రైవ్ (నిష్పత్తి 1.00 కన్నా తక్కువుండే టాప్ గేరు) లేకపోవడం. ఏళ్ల తరబడి సాగుతున్న ఈ తగవులో సగం ఇక్కడే తీరిపోతుంది.

మిగతా సగం మొదటి గేరుది. టీ-5 మొదటి గేరును 3.73 యాక్సిల్‌తో గుణిస్తే 12.5. ఘాట్ ఎక్కే లారీకి అంత పట్టు కావాలి గానీ, తేలికైన డ్యూస్‌కు అక్కర్లేదు. కదిలిన వెంటనే రెండో గేరు వేయాల్సి వస్తుంది. యాక్సిల్ 3.25కి మారిస్తే అది 10.9కి దిగి, హాయిగా నడుస్తుంది.

గబగబా చరిత్ర

1932లో ఫోర్డ్ వీ8 వచ్చింది: 65 హార్స్‌పవర్, మూడు గేర్ల మాన్యువల్. హాట్‌రాడర్లు 1939 ఫోర్డ్ గేర్‌బాక్స్‌ను ఏరికోరి వాడారు. 1940 ఓల్డ్స్‌మొబైల్‌తో హైడ్రామాటిక్ ఆటోమేటిక్ వచ్చి, యుద్ధంలో ఎం5 ట్యాంకులకూ ఎక్కింది. 1969లో టర్బో 350, 1982లో 700ఆర్4 వచ్చాయి.

కేబుల్ జాగ్రత్త

700ఆర్4లో కార్బురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ వెళ్తుంది. లోపలి నూనె పీడనాన్ని నిర్ణయించేది అదే. సరిగ్గా అమర్చకపోతే పీడనం చాలక క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి.

బలం, చోటు

ఆ మస్టాంగ్ టీ-5కి టార్క్ పరిమితి 300 పౌండ్-అడుగులు. ఇంజిన్ అంతకు మించితే ట్రెమెక్ టీకేఎక్స్ లాంటి గట్టి పెట్టె చూసుకోవాలి. డ్యూస్‌లో కాళ్ల దగ్గర చోటు ఇరుకు. మూడో పెడల్ పట్టేదీ లేనిదీ ముందే కొలవండి.

నా తీర్పు

నా ఓటు మాన్యువల్‌కే. డ్యూస్ పుట్టిందే మూడు పెడల్స్‌తో. ఇంజిన్ బలాన్ని ఎప్పుడు, ఎంత వాడాలో చేత్తో నిర్ణయించుకోవడంలోనే ఆ కారు ఆనందం ఉంది. రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవారు, మోకాలి నొప్పి ఉన్నవారు మాత్రం నిస్సంకోచంగా 700ఆర్4 పెట్టుకోవచ్చు. ఏది కొన్నా, డబ్బు కట్టేముందు మీ యాక్సిల్ నిష్పత్తి, టైరు కొలత కాగితం మీద రాసి లెక్క వేసుకోండి.