అర కిలో లేని రివాల్వర్‌కి ఐదు కిలోల ట్రిగర్

స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 642 బరువు సుమారు 15 ఔన్సులు, మన లెక్కలో 425 గ్రాములు. దాని ట్రిగర్ నొక్కడానికి మాత్రం దాదాపు 12 పౌన్ల బలం కావాలి. అంటే 5.4 కిలోలు. ఐదు కిలోల బియ్యం సంచిని ఒక్క చూపుడు వేలికి తగిలించుకున్నట్టే. తుపాకీ బరువుకి 12 రెట్లు పైబడిన బలంతో వేలు లాగుతుంటే గురి కుదురుగా నిలవదు. అమెరికాలో ఇలాంటి బుల్లి రివాల్వర్ కొన్నవాళ్లు చాలామంది మొదట చెప్పే ఇబ్బంది ఇదే.

ఈ బిగువుకి కారణముంది. ఒక్క నొక్కుతోనే ట్రిగర్ ఐదు గదుల సిలిండర్‌ని తిప్పాలి, సుత్తిని వెనక్కి లాగి వదలాలి, తనని ముందుకు తోసే స్ప్రింగుని అణచాలి. 1950లో ‘చీఫ్స్ స్పెషల్’తో వచ్చిన ఈ చిన్న ఫ్రేములో సుత్తి తేలిక, అది కదిలే దూరమూ తక్కువ. తూటా అడుగునున్న ప్రైమర్ పేలాలంటే ఆ లోటుని గట్టి స్ప్రింగే పూడ్చాలి.

ముందు ఖర్చులేని దారి చూడండి. తూటాలన్నీ తీసి ఇంట్లో వేరే గదిలో పెట్టండి. సిలిండర్‌లోని ఐదు గదులూ ఖాళీయేనని కళ్లతో చూసి, వేలితో తడిమి, స్నాప్ క్యాప్స్ అనే ఉత్తుత్తి తూటాలు వేసి, ప్రమాదంలేని దిక్కుకి పెట్టి రోజూ కాసేపు నొక్కండి. కొన్ని వందల నొక్కులకి లోపలి గరుకు తగ్గుతుంది, వేలూ అలవాటు పడుతుంది. చాలామందికి ఇది చాలు.

చాలకపోతే కాస్త మెత్తటి స్ప్రింగు వేసుకోవచ్చు. ఒకటి రెండు పౌన్లు తగ్గినా వేలికి తేడా తెలుస్తుంది. అంతకు మించి ఆశపడితే సుత్తి దెబ్బ బలహీనమై తూటా పేలకపోవచ్చు. ఆత్మరక్షణకి పెట్టుకున్నదానిలో అది సహించరాని లోపం. మీరు వాడే తూటాలే కనీసం 50, అంటే పది సిలిండర్లు, రేంజిలో కాల్చి చూడండి. ఒక్కటి మొరాయించినా పాత స్ప్రింగే వేసెయ్యాలి.

స్ప్రింగు కోసం తుపాకీని విప్పితే అమ్మకం ధర సంగతీ చూసుకోవాలి. తెలిసిన కొనుగోలుదారు తుపాకీని వెలుతురులో వంచి మొదట చూసేది లోపలి భాగాలని మూసే పక్క పలక స్క్రూలనే. మొన వైపు సన్నబడే మామూలు స్క్రూడ్రైవర్ వాడితే గాడి అంచు చితికి, తెల్లగా మెరుస్తుంది. తుపాకీని ఎవరో విప్పారని ఆ మెరుపే చెప్పేస్తుంది. గాడికి సరిగ్గా సరిపోయే మొన వాడండి. పలకని ఊచతో పెకలించకండి. స్క్రూలు తీశాక పిడి ఫ్రేము మీద స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తడితే పలకే పైకి లేస్తుంది.

ట్రిగర్ తేలికవ్వాలని ఆకురాయి మాత్రం ముట్టుకోవద్దు. సుత్తి, ట్రిగర్ కలిసే అంచుల గట్టిదనం చాలా మోడళ్లలో పైపొర వరకే. అది అరిగితే కింద మెత్తటి ఉక్కు, ఆ భాగం ఇక పనికిరాదు. స్ప్రింగు అలా కాదు, పాతది మళ్లీ వేసుకోవచ్చు. అందుకే తీసిన పాత స్ప్రింగులని చిన్న కవర్లో వేసి, పైన మోడల్ నంబరు రాసి, తుపాకీతో వచ్చిన పెట్టెలోనే దాచండి.