కోటలో రైలుపిచ్చి పసివాడు

శృంగవరపుకోటలో, పట్టాలకు చేరువనున్న యింట రెండేండ్ల బాలుడున్నచో, కూత వినబడిన తోడనే గృహకృత్యములన్నియు స్తంభించును, "అమ్మా, బండొచ్చిసినాది!" యని వాడు కేక వేయగా, పప్పన్నపు ముద్ద చేతనున్న తల్లి వానిని చంకనెత్తుకొని మేడమీదికి పరుగెత్తవలసినదే.

వాని భాగ్యమేమో గాని, ఈ యూరి మీదుగా పోవు కొత్తవలస–కిరండూల్ మార్గము, బైలదిల్లా యినుపఖనిజమును విశాఖపట్నపు రేవునకు చేర్చి జపానునకు పంపుటకై 1960ల దశకమున నిర్మింపబడినది కావున, ఇచట గూడ్సుబండ్లకు కొదువ లేదు. పెట్టెలు లెక్కించుటకు వానికి వచ్చిన అంకెలు చాలవు.

బొడ్డవర దాటి కొండనెక్కుచు, సొరంగములు దూరుచు, సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్న శిమిలిగూడను చేరు నీ దారిలో ఖనిజపుబండ్లకు ఒకటికి మించి యింజిన్లు తగిలింతురు. నిండుబండి దిగునది పల్లమునకే కదా, ఇన్ని యేల యందురేమో. ఆ బరువును లాగుటకంటె అదుపు చేయుటయే కష్టము. అందుచే దిగునపుడు విద్యుత్తు యింజిను మోటార్లే జనరేటర్లుగా మారి చక్రముల వేగమును నిగ్రహించును. పసివానికి ఈ శాస్త్రముతో పనిలేదు. వాని లెక్కలో మొదటి యింజిను తాత, రెండవది నాన్న, మూడవది తాను. అమ్మకు మిగిలినది గార్డుపెట్టె.

ఇంతటి అభిమానిని కిరండూల్ బండి యెక్కించి బొర్రా గుహలకు తీసికొనిపోయినచో, యుగయుగముల సున్నపురాతి శిల్పములను ఒక్కమారు పరికించి, వాడడుగు ప్రశ్న యొక్కటే: "ఇందులోకి బండి రాదా?"