గైలార్డియా

గైలార్డియా ఆస్టరేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక పూలమొక్క. దీని శాస్త్రీయ నామం గైలార్డియా పుల్చెల్లా. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కూడా ఈ కుటుంబానికి చెందినవే. మధ్యన గుండ్రని బొడ్డు, దాని చుట్టూ ఎరుపు, పసుపు రంగుల రేకులతో దీని పువ్వు డైసీ పువ్వును పోలి ఉంటుంది. ఎండను, నీటి ఎద్దడిని తట్టుకొని చాలాకాలం పూస్తుంది కనుక నీటి వసతి తక్కువగా గల తోటలకు ఇది అనువైనది. అయితే తోటలలో ఈ మొక్క నీరు చాలక చనిపోవడం కంటే నీరు ఎక్కువై చనిపోవడమే తరచుగా కనిపిస్తుంది. కావున దీని పెంపకంలో నీరు ఎప్పుడు పోయాలో తెలియడం ఎంత అవసరమో, ఎప్పుడు పోయరాదో తెలియడం కూడా అంతే అవసరం.

పేరు

ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఫూజెరూ డి బోందరువా 1786లో ఈ ప్రజాతిని వర్ణించాడు. వృక్షశాస్త్రాన్ని పోషించిన గైయార్ డి షారంటొనో అనే ఫ్రెంచి న్యాయాధికారి పేరు మీదుగా దీనికి గైలార్డియా అని పేరు పెట్టాడు. పుల్చెల్లా అనే లాటిన్ పదానికి 'చిన్నదై అందమైనది' అని అర్థం. ఆంగ్లంలో దీనిని ఇండియన్ బ్లాంకెట్ అని కూడా అంటారు. ఇందులో ఇండియన్ అనే మాట భారతదేశానికి సంబంధించినది కాదు. అమెరికా ఆదివాసులు నేసే రంగుల కంబళ్లతో పోల్చి పెట్టిన పేరు ఇది. తెలుగునాట నర్సరీలలో దీనిని గైలార్డియా అనే పిలుస్తారు.

స్వస్థలం

అమెరికా సంయుక్త రాష్ట్రాల మధ్య, దక్షిణ ప్రాంతాలు, ఉత్తర మెక్సికో దీని స్వస్థలాలు. ఓక్లహోమా రాష్ట్రం 1986లో దీనిని తన రాష్ట్ర అడవిపువ్వుగా ప్రకటించింది. టెక్సాస్‌లో రాలిన విత్తనాలు శరదృతువు వానలకు మొలకెత్తుతాయి. చలికాలమంతా నేలను అంటుకొని ఉన్న ఆకుల గుత్తిగా గడిపి, వసంతంలో కాండం పెంచి పూస్తాయి. ఎండలు ముదిరాక విత్తనం రాల్చి చాలా మొక్కలు చనిపోతాయి. ఈ విధంగా కఠినమైన కాలాన్ని ఈ జాతి విత్తన రూపంలోనే దాటుతుంది.

లక్షణాలు

మొక్క 30 నుండి 60 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. కాండం మీద, ఆకుల మీద నూగు ఉంటుంది. ఈ నూగు ఆకుల నుండి నీరు ఆవిరి కావడాన్ని తగ్గిస్తుంది. వేరు నేలలోకి దిగి కింది పొరలలోని తేమను అందుకుంటుంది.

మనం పువ్వు అనుకొనేది నిజానికి ఒక పువ్వు కాదు, అనేక చిన్న పువ్వుల గుంపు. దీనిని శీర్షవత్ పుష్పవిన్యాసం అంటారు. చుట్టూ రేకులవలె కనిపించేవి కిరణ పుష్పకాలు. వీటి కొనలు సాధారణంగా మూడుగా చీలి పసుపు రంగులోను, మొదళ్లు ఎరుపు రంగులోను ఉంటాయి. మధ్యన బొడ్డులో ఉండేవి చక్ర పుష్పకాలు. లోరెంజియానా అనే ముద్ద రకంలో పుష్పకాలు గొట్టాల వలె మారి పువ్వు బంతిలా కనిపిస్తుంది. గైలార్డియా గ్రాండిఫ్లోరా అనేది ఈ జాతికి, బహువార్షికమైన గైలార్డియా అరిస్టాటాకు పుట్టిన సంకరం.

నేల, నాటడం

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు ఎంచుకోవాలి. నీడలో కాండం సాగి వాలిపోతుంది, పూలు తగ్గుతాయి. నీరు త్వరగా ఇంకిపోయే ఇసుక నేలలు, ఎర్ర చల్కా నేలలు శ్రేష్ఠం. ఉప్పుగాలిని కూడా తట్టుకొంటుంది కనుక సముద్రతీరపు ఇసుక నేలలలోను పెంచవచ్చు. నల్లరేగడి నేల నీటిని పట్టి ఉంచుతుంది. అటువంటి చోట ఇసుక, చివికిన ఎరువు కలిపి, నేలమట్టం కంటే 15 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టి నాటాలి. కుండీ అయితే అడుగున రంధ్రం తప్పనిసరి. కింద పెట్టిన పళ్లెంలో నీరు నిలువ ఉంచరాదు.

మైదాన ప్రాంతాలలో చలికాలపు పూల కోసం సెప్టెంబరు, అక్టోబరు నెలలలోను, వేసవి పూల కోసం ఫిబ్రవరి, మార్చి నెలలలోను విత్తవచ్చు. విత్తనాన్ని ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మాత్రమే మట్టి కప్పాలి. ఒకటి రెండు వారాలలో మొలకలు వస్తాయి. నాలుగు నుండి ఆరు వారాల నారును సాయంకాలం 30 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి.

ఎరువు ఎక్కువైతే, ముఖ్యంగా నత్రజని ఎక్కువైతే, ఆకు విరివిగా పెరిగి పూత తగ్గుతుంది. నాటేటప్పుడు వేసిన కొద్దిపాటి చివికిన పశువుల ఎరువు చాలు.

నీటి యాజమాన్యం

నీటి ఎద్దడిని తట్టుకొనేది వేరూనిన మొక్కే గాని లేతనారు కాదు. నాటిన తరువాత రెండు మూడు వారాల వరకు నేల ఆరిపోకుండా చూడాలి. ఆ తరువాత పై నేల రెండు అంగుళాల లోతు వరకు పొడిబారినప్పుడే తడి ఇవ్వాలి. రోజూ కొంచెం కొంచెంగా చల్లడం కంటే కొన్ని రోజులకొకసారి లోతుగా తడపడం మేలు. పైపైన తడిస్తే వేళ్లు పైననే ఉండిపోతాయి; లోతుగా తడిస్తే కిందికి దిగుతాయి.

వాలిన మొక్కను చూసి వెంటనే నీరు పోయరాదు. ముందుగా వేలితో నేలను పరీక్షించాలి. మధ్యాహ్నపు ఎండకు వాలి సాయంత్రానికి తేరుకొనే మొక్కకు ఏ లోపమూ లేదు. ఉదయం కూడా వాలి ఉండి, నేల పొడిగా ఉంటే నీరు కావాలని అర్థం. నేల తడిగా ఉండి కూడా మొక్క వాలితే అది వేరుకుళ్లు లక్షణం. అప్పుడు దాహమని భ్రమించి మరింత నీరు పోస్తే మొక్క దక్కదు. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం వంటి ప్రాంతాల కంటే, విడవని వానలున్న చోటనే ఈ మొక్కకు ఎక్కువ జాగ్రత్త అవసరం.

తెగుళ్లు

వేరుకుళ్లుతో పాటు ఆకుమచ్చ, బూడిద తెగుళ్లు రావచ్చు. మొక్కల మధ్య గాలి ఆడేలా చూసి, నీటిని ఆకుల మీద కాక మొదట్లో పోస్తే ఇవి తగ్గుతాయి. దీపపు పురుగుల ద్వారా వ్యాపించే ఆస్టర్ ఎల్లోస్ అనే ఫైటోప్లాస్మా తెగులు సోకితే పూలు ఆకుపచ్చగా, వికారంగా మారతాయి. దీనికి చికిత్స లేదు. మొక్కను పీకి నాశనం చేయాలి.

విత్తన సేకరణ

వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచివేస్తే కొత్త మొగ్గలు వస్తాయి. కాని అన్నిటినీ తుంచితే మరుసటి ఏటికి విత్తనం మిగలదు. టెక్సాస్ రహదారి శాఖ రోడ్ల పక్కన అడవిపూలు విత్తనం రాల్చేవరకు గడ్డి కోయించకుండా ఆగేది కూడా ఇందుకే. తోటలోనూ చివరి విడత పూలను మొక్కకే వదలాలి. రేకులు రాలి, గుండ్రని బొడ్డు గోధుమరంగుకు తిరిగి, తాకితే చిట్లిపోయేలా ఎండినప్పుడు సేకరించి, ఆరబెట్టి, కాగితపు సంచిలో దాచాలి. సంకర రకాల విత్తనం నుండి తల్లిని పోలిన మొక్కలు రావు. తేనెటీగలు ఒక మొక్క పుప్పొడిని మరొకదానికి చేరవేస్తాయి కనుక ఇతర రకాలలో సైతం రంగులు మారుతుంటాయి.

ఉపయోగాలు, జాగ్రత్తలు

మళ్ల అంచులలోను, కుండీలలోను అలంకారానికి పెంచుతారు. మహారాష్ట్రలో దండల కోసం దీనిని పొలాలలో సాగుచేస్తారు. తేనెటీగలను, సీతాకోకచిలుకలను ఆకర్షిస్తుంది. మొక్కలో ఉండే సెస్క్విటెర్పీన్ లాక్టోన్ల వలన కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు కలుగవచ్చు. అటువంటివారు చేతితొడుగులు ధరించి పనిచేయాలి.

ఇవి కూడా చూడండి

* బంతి
* చామంతి
* పొద్దుతిరుగుడు