పేరు కొంటే ఊరొస్తదా?

"తాతా, వీఆర్ అనే అక్షరాలు తగిలించిన వెబ్‌సైటు పేర్లు ఇప్పుడే కొనిపెట్టుకుంటే రేపు లక్షలకు అమ్ముకోవచ్చంట. ఓ పది కొందామా?" అని మనవడు అడిగాడు. కొట్టిపారేసే ప్రశ్న కాదిది. జడ్చర్ల నుంచి షాద్‌నగర్ దాకా, చిట్యాల నుంచి చౌటుప్పల్ దాకా రోడ్డుకు రెండు దిక్కులా హద్దురాళ్లు పాతిన వెంచర్లు చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్లు. ఎకరం వేలల్లో ఉన్నప్పుడు కొని కోట్లకు అమ్మినవాళ్ల కథ మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ప్రతి రచ్చబండ దగ్గరా వినిపిస్తుంది. నేల మీద జరిగింది ఇంటర్నెట్‌లో మాత్రం ఎందుకు జరగదని వాడికి తోచింది. అందుకే మీ అందరికీ పనికొచ్చేట్టు నిదానంగా చెబుతాను, వినండి.

ముందు ఆ పేరు చేసే పనేమిటో చూద్దాం. కంప్యూటర్లకు అంకెలే తెలుసు. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ ఓ అంకెల చిరునామా ఉంటుంది. మనుషులకు అన్ని అంకెలు గుర్తుండవు, పేర్లయితే ఉంటాయి. తొలిరోజుల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవాళ్లు ఏ పేరుకు ఏ అంకె అన్నది ఒకే జాబితాలో రాసి ఉంచేవాళ్లు. అందరూ దాని నకలు తెచ్చుకొని వాడుకునేవాళ్లు. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ జాబితాను సరిచూసుకోవడమే ఓ పెద్ద పనైపోయింది. 1983లో పాల్ మోకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని ముక్కలుగా విడగొట్టి, ఎవరి ముక్క వాళ్లే చూసుకునే ఏర్పాటు చేశాడు. అదే డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్ఎస్. నలభై ఏళ్లు దాటినా ఈ లోకం ఇంకా దాని మీదే నడుస్తోందంటే ఆయన ఆలోచన ఎంత గట్టిదో చూడండి.

మీరు ఫోన్‌లో ఓ పేరు కొట్టగానే ఏం జరుగుతుంది? ఫోను మీ నెట్ కంపెనీవాళ్ల కంప్యూటర్‌ను అడుగుతుంది. దానికి జవాబు తెలియకపోతే అన్నిటికంటే పైనున్న రూట్ సర్వర్‌ను అడుగుతుంది. అది పూర్తి జవాబు చెప్పదు, డాట్ కామ్ పేర్ల లెక్క చూసేవాళ్లు ఫలానా చోట ఉన్నారని దారి మాత్రం చూపిస్తుంది. అక్కడికెళ్తే, ఈ పేరు సంగతి తెలిసిన సర్వర్ ఇదిగో అంటారు. ఆ చివరి సర్వర్ అంకెను చేతిలో పెడుతుంది. మనం పేరును ఎడమ నుంచి చదువుతాం, యంత్రం కుడి నుంచి విప్పుకుంటూ వస్తుంది. ఇంతా కలిపి చాలాసార్లు సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఒకసారి దొరికిన జవాబును కొంతసేపు దాచిపెట్టుకుంటుంది కాబట్టి రెండోసారి అడిగితే ఇంకా తొందరగా చెబుతుంది.

ఆ అంకె చూపించే యంత్రం ఏ అమెరికాలోనో ఉండాలని లేదు. 2016 దాకా పాలమూరు జిల్లాలో ఉన్న షాద్‌నగర్ చుట్టుపక్కల మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల కోసం భూములు కొన్నది. అమెజాన్‌వాళ్ల హైదరాబాద్ రీజియన్, అంటే వాళ్ల డేటా సెంటర్ల గుంపు, 2022 నవంబరులో మొదలైంది. ఇంటర్నెట్ అంటే మబ్బుల్లో ఉండేదని కొందరు అనుకుంటారు గానీ, దానికి కరెంటు కావాలి, చల్లదనం కావాలి, కాళ్ల కింద నేల కావాలి.

ఇక ప్లాటుకూ పేరుకూ ఉన్న తేడాకు వద్దాం. ప్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే దస్తావేజు మీ పెట్టెలో ఉంటుంది, మీ తర్వాత మీ పిల్లలకు వస్తుంది. డొమైన్ పేరును శాశ్వతంగా ఎవరికీ అమ్మరు, కిరాయికే ఇస్తారు. డాట్ కామ్‌లో మొట్టమొదటి పేరు సింబాలిక్స్ అనే కంపెనీది, 1985 మార్చి 15న నమోదైంది. అప్పట్లో రుసుమే లేదు. 1995లో రెండేళ్లకు 100 డాలర్లని మొదలుపెట్టారు. ఇప్పుడు మామూలు పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది, ఒక్కసారిగా పదేళ్లకు మించి కట్టించుకోరు. గడువు దాటితే కొన్నాళ్లు ఆగి, ఆ పేరు ఎవరడిగితే వాళ్లకిచ్చేస్తారు. మనవడు చెప్పిన పది పేర్లు పదేళ్లు పట్టుకొని కూర్చుంటే లక్ష రూపాయల కిరాయి అవుతుంది. ఆ పదేళ్లలో ఆ పేరు మీద పంట పండదు, కౌలు రాదు.

ఇంకో తేడా దీనికంటే పెద్దది. నల్లగొండ నేల ఉన్నంతే ఉంటుంది, అంగుళం కూడా పెరగదు. పేర్లు అట్లా కాదు. ముందో అక్షరం చేర్చినా, వెనకో మాట తగిలించినా కొత్త పేరు పుడుతుంది. పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే సంస్థ 2012లో చుక్క తర్వాత వచ్చే కొత్త తోకలకు దరఖాస్తులు పిలిచింది. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు రుసుము పెట్టినా 1,930 వచ్చాయి. అంతకుముందు డాట్ కామ్ దొరకనివాళ్లకు వెతుక్కోవడానికి కొన్ని తోకలే ఉండేవి, ఆ తర్వాత వందలకొద్దీ వచ్చిపడ్డాయి. సరుకు అట్లా పెరుగుతూ పోతుంటే ధర నిలబడటం కష్టం.

అసలు ఈ వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకు పెట్టె తగిలించుకొని లేనిచోట ఉన్నట్టు చూడటం. దాని వెనకున్న శాస్త్రం నాకెంతో ఇష్టం. మన రెండు కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే కుడికన్ను చూసేది, ఎడమకన్ను చూసేది కొద్దిగా వేరుగా ఉంటాయి. ఆ తేడాను బట్టే మెదడు ఏది దగ్గర, ఏది దూరం అని తేల్చుకుంటుంది. కళ్లకు తగిలించే పెట్టెలో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ, ఆ కొద్ది తేడాతోనే చూపిస్తారు. కంటికి అంత దగ్గరగా ఉన్న తెరను స్పష్టంగా చూడలేం కాబట్టి మధ్యలో కటకాలు పెడతారు. తల ఎటు తిరిగిందో కనిపెట్టే పరికరాలు లోపల ఉంటాయి. తల తిప్పగానే బొమ్మ కూడా తిరగాలి. ఆ ఆలస్యం సెకనులో యాభయ్యో వంతుకు మించితే తేడా తెలిసిపోతుంది. నిలకడను చెప్పే అవయవం మన చెవి లోపల ఉంది. కళ్లేమో కదులుతున్నామంటాయి, చెవి కూర్చున్నామంటుంది. ఆ తగాదాలోనే కడుపులో తిప్పి వాంతి వచ్చినట్టవుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివేవాళ్లకు కడుపులో తిప్పడానికీ ఇదే కారణం, కాకపోతే అక్కడ చెవి కదులుతున్నామంటుంది, కళ్లు లేదంటాయి.

1968లోనే ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు తలకు తొడిగే ఇలాంటి యంత్రం చేశాడు. దాని బరువు మోయలేక కప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. తర్వాత చాలాకాలం ఇది ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. సెల్‌ఫోన్ల పుణ్యమా అని చిన్న తెరలు, కదలిక కనిపెట్టే పరికరాలు చవకయ్యాక కథ మారింది. 2012లో ఆక్యులస్ అనే చిన్న కంపెనీ జనం నుంచి చందాలు పోగేసి పని మొదలుపెడితే, 2014లో ఫేస్‌బుక్ దాన్ని సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్నది. 2021 అక్టోబరు 28న ఫేస్‌బుక్ కంపెనీ తన పేరునే మెటా అని మార్చుకుంది. మెటావర్స్, అంటే కంప్యూటర్‌లో కట్టిన లోకం, అనే ఆ జ్వరం మన దాకా కూడా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తన అంతరిక్ష విధానాన్ని మెటావర్స్‌లో విడుదల చేసింది. కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేని స్థలాలను లక్షల డాలర్లు పోసి కొన్నవాళ్లూ ఆ రోజుల్లో ఉన్నారు.

పేర్ల మీద పెట్టుబడి ఎక్కడ తిరగబడుతుందో ఇప్పుడు చూడండి. 2014లో అందరి నోటా వీఆర్. 2021 చివర్లో మెటావర్స్. 2024 ఫిబ్రవరిలో యాపిల్ కంపెనీ తన విజన్ ప్రో అనే పెట్టెను 3,499 డాలర్లకు అమ్మకానికి పెడుతూ దాన్ని స్పేషియల్ కంప్యూటింగ్ అన్నది, యాప్‌లు చేసేవాళ్లను కూడా వీఆర్ అనే మాట వాడొద్దన్నది. కళ్లకు పెట్టుకునే పరికరం మోస్తరుగా అదే, పిలిచే తీరు రెండుసార్లు మారింది. మాటను పట్టుకొని డబ్బు పెట్టినవాళ్లు మాటతోపాటే వెనకబడిపోతారు. పైగా పెట్టె కళ్లకు పెట్టుకున్నవాళ్లు గాలిలో వేళ్లు ఆడిస్తూ వెబ్‌సైటు పేరు అక్షరం అక్షరం కొట్టడం అరుదు. యాప్ స్టోర్‌లో బొమ్మ మీద నొక్కి లోపలికి వెళ్తారు.

చుక్క తర్వాతే వీఆర్ వచ్చేట్టు కొనొచ్చా అంటారేమో. కుదరదు. రెండక్షరాల తోకలు దేశాలకూ ప్రాంతాలకూ కేటాయించినవి, వీఆర్ అనే గుర్తున్న దేశం లేదు. ఈ నియమం వల్లే అదృష్టం పండిన చిన్న దీవి ఒకటుంది. కరీబియన్ సముద్రంలో అంగ్విల్లా, జనం మన ఓ మండలంలో ఉన్నంతమంది కూడా ఉండరు. దానికి దక్కిన రెండక్షరాలు ఏఐ. కృత్రిమ మేధ ఊపందుకున్నాక 2023లో ఆ పేర్ల రుసుముల మీదే దానికి సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి. గమనించండి, నికరంగా డబ్బు చేరింది పేర్లు కిరాయికిచ్చిన దీవికి.

మన తెలుగువాళ్లతో సంబంధమున్న కేసు ఒకటుంది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ ఉండేది. ఆ రెండు మాటల్లోంచి సిఫీ అనే పేరు పుట్టించి, 1999లో ఆ పేరుతో కొన్ని డొమైన్లు నమోదు చేసుకున్నారు. అదే ఏడాది రాజేష్ జైన్ నడిపిన ఇండియావరల్డ్‌ను 499 కోట్లకు కొనే ఒప్పందం చేసుకున్నారు. సమాచార్, ఖేల్, బావర్చి లాంటి పేర్లన్నీ దానివే. దేశమంతా ఆ ధర చూసి ముక్కున వేలేసుకుంది. అయితే ఆ పేర్ల వెనక 1995 నుంచి రోజూ రాసిన వార్తలు, వంటలు, వాటికోసం వచ్చే పాఠకులు ఉన్నారు. ఖాళీ పేర్లకు పెట్టిన ధర కాదది.

తర్వాత మరో కంపెనీ సిఫీకి దగ్గరగా వినిపించే పేరుతో డొమైన్ తీసుకుంటే సత్యం ఇన్ఫోవే కోర్టుకెక్కింది. కర్ణాటక హైకోర్టులో ఓడింది. 2004 మే 6న సుప్రీంకోర్టు దాని పక్షాన తీర్పు చెప్పింది. డొమైన్ పేరు ఉట్టి చిరునామా కాదు, వ్యాపార గుర్తుకుండే రక్షణ దానికీ ఉంటుందని తేల్చింది. కష్టపడి పేరు తెచ్చుకున్నవాళ్ల పక్కన చేరి లాభపడాలనుకుంటే చట్టం ఒప్పుకోదని దీనర్థం. మనవడి పది పేర్ల జాబితాలో ఓ పెద్ద సినిమా పేరు, ఓ గుడి పేరు ఉన్నాయి. అవి వెంటనే కొట్టేయమన్నాను.

పని వల్లే పేరుకు విలువ వస్తుందన్న సంగతి మన ప్రాంతంవాళ్లకు ఇంకెవరూ నేర్పనక్కర్లేదు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, మూడూ ఊళ్ల పేర్లే. దేశమంతా ఆ పేరు వినగానే చీరె గుర్తొస్తుంది. నూలును రంగులో ముంచి, లెక్క తప్పకుండా మగ్గం మీదికి ఎక్కించిన కుటుంబాల వల్ల వచ్చిన విలువ అది. ఆ మూడు చీరెలకూ ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది, వేరేచోట నేసిన బట్టను ఆ పేరుతో అమ్మకూడదు. నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసీ పోసీ చేతులు నొప్పి పుట్టిన తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశం యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. లక్ష్మి ఆసు యంత్రం వల్ల ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ముందు యంత్రం పుట్టింది, తర్వాత పేరు.

వీఆర్ వద్దని నేననను. దానితో చేయాల్సిన పని మన చుట్టూ ఎంతో ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. గుడి దక్కింది, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట అది నిలిచిన దృశ్యం పోయింది. నాగార్జునసాగర్ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది, మునిగేలోగా 1954 నుంచి 1960 దాకా తవ్వి కొలతలు, బొమ్మలు రాసిపెట్టారు. పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టి 2018లో కొమ్మలకు సెలైన్ సీసాల్లో మందు ఎక్కించాల్సి వచ్చింది. ఆ చెట్టు కింద తిరగాలనుకునే ముసలివాళ్లూ, మంచం పట్టినవాళ్లూ ఎంతమంది లేరు! వీటిని కళ్లముందు నిలబెట్టే విద్య ఇప్పుడు చవకైంది. గుడి చుట్టూ తిరుగుతూ ఫోన్‌తో వందల ఫొటోలు తీస్తే, ఒకే రాయి వేర్వేరు ఫొటోల్లో ఎక్కడెక్కడ పడిందో చూసి కంప్యూటర్ దాని చోటు లెక్కగట్టి త్రీడీ రూపం తయారుచేస్తుంది. మెష్‌రూమ్, బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. అట్లా చేసినదాన్ని వెబ్ పేజీలోనే పెట్టొచ్చు, లింకు నొక్కితే పెట్టెలో తెరుచుకుంటుంది.

అప్పుడు పేరు కావాలి, కొనండి. ఒక్కటి చాలు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ తోకతో కూడా దొరుకుతుంది, ఆ తోకకు 2011లోనే అనుమతి వచ్చింది. మనం తెలుగులో కొట్టినా లోపల యంత్రం దాన్ని ఎక్స్ ఎన్ అని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకొని పాత పద్ధతిలోనే వెతుకుతుంది. పది పేర్లకు ఏటా కట్టాలనుకున్న పదివేలలో ఒకదానికి వెయ్యి పోను, మిగిలిన తొమ్మిది వేలు ఆలంపురం బస్సు ఛార్జీలకు, ఓ మంచి మెమరీ కార్డుకు పెట్టండి. గుడి ఏ శాఖవాళ్ల కింద ఉందో కనుక్కొని, ముందు అనుమతి కాగితం తెచ్చుకొని ఫొటోలు మొదలుపెట్టండి.